గ్రాఫుల లైబ్రరీ గురించి నాన్నగారికి

హాంబర్గ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. కర్మాగారాల కరెంటు వాడకాన్ని వెబ్ పేజీలో చూపడానికి గ్రాఫులు గీసే లైబ్రరీని, అంటే తయారుగా దొరికే కోడును, ఎంచుకోవడానికి ఇంత కాలం ఎందుకని, ఉద్యోగంలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని మీరు ఫోనులో అడిగారు. ఇబ్బంది ఏమీ లేదు; అమ్మకు కూడా ఈ మాటే చెప్పండి.

సబ్‌స్టేషన్‌లో మీరు గంటకొకసారి లాగ్‌షీటు నింపేవారు. ఇక్కడి కర్మాగారాల్లో వాడకాన్ని పదిహేను నిమిషాలకొకసారి లెక్కిస్తారు కనుక ఒక్కొక్క మీటరుకు ఏడాదికి 35,040 రీడింగులు వస్తాయి. బ్రౌజరులో గ్రాఫు గీయడానికి రెండు పద్ధతులున్నాయి. ఎస్‌వీజీ పద్ధతిలో ప్రతి చుక్కనూ బ్రౌజరు విడి వస్తువుగా మోయాలి కాబట్టి అన్ని చుక్కలు పెడితే పేజీ కదలదు. అంతా ఒకే బొమ్మగా గీసే కాన్వాస్ పద్ధతి వేగమైనదే గాని, చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు ఆ బొమ్మలో చదవడానికి ఏమీ ఉండదు.

ఉచితంగా వచ్చేది తీసుకోవచ్చు కదా అన్నారు. గూగుల్ చార్ట్స్ ఉచితమే, కాని దాని కోడును మన సర్వరులో పెట్టుకోవడానికి వారి నిబంధనలు ఒప్పుకోవు. ప్రతిసారీ గూగుల్ నుంచే తెచ్చుకోవాలి, దానితో చూసేవారి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో వారిని గుర్తించే సంఖ్య) అటు వెళ్తుంది. గూగుల్ ఫాంట్ల (అక్షర రూపాల) విషయంలో ఇటువంటి కారణానికే ఒక వెబ్‌సైటు వారిని 100 యూరోలు చెల్లించమని 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు తీర్పు చెప్పింది. నార్వేవారి హైచార్ట్స్ చక్కనిదే, వ్యాపారానికి మాత్రం లైసెన్సు కొనాలి. 2011లో వచ్చిన డీ3తో ఏ గ్రాఫైనా గీయవచ్చు, అయితే అది సరుకులు ఇస్తుందే గాని వంట మనదే, మా చిన్న బృందానికి అంత తీరిక లేదు.

నా మొగ్గు ఈచార్ట్స్ వైపు ఉంది. చైనాలోని బైదూ కంపెనీలో పుట్టి ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేరును పోషించే అపాచీ ఫౌండేషన్ నీడన ఉన్న ఈ లైబ్రరీని వ్యాపారానికీ ఉచితంగా వాడుకోవచ్చు. చుక్కలు మరీ ఎక్కువైనప్పుడు అది వాటిని భాగాలుగా చేసి, ఒక్కొక్క భాగానికి ఒక్క చుక్కనే గీయగలదు. నన్ను నిజంగా ఆలోచనలో పడవేసినది ఇదే: సగటు తీసుకోమంటే ఎత్తైన శిఖరం కాస్తా మాయమవుతుంది, ఇక్కడి పెద్ద వినియోగదారుల బిల్లులో కూడా మన మాగ్జిమమ్ డిమాండ్ వంటి లెక్క, అంటే అత్యధిక వాడకాన్ని బట్టి వేసే రుసుము, ఉంది. అందుకే ప్రతి భాగంలోనూ గరిష్ఠ విలువనే ఉంచేటట్లు అమర్చాను.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పెదనాన్నగారి వంటివారి కోసం రంగులపై గీతలు, చుక్కలు అచ్చువేసే సదుపాయం కూడా అందులో ఉంది. నమూనా పేజీని చెల్లికి పంపుతున్నాను. ఆయనకు చూపించి, ఏ రంగు భాగం ఏ మీటరుదో పోల్చుకోగలిగారో లేదో వ్రాయండి.

మీ కుమారుడు