కారణాంకాల పాఠానికి సవరణ వేయండి

అయ్యా,

గత సోమవారం మీ విద్యార్థుల పేజీలో తొమ్మిదో తరగతి వారికోసం వేసిన కారణాంక విభజన పాఠానికి సవరణ వస్తుందేమోనని ఎనిమిది రోజులు ఎదురుచూశాను. రాలేదు కనుక రాస్తున్నాను. రెండు వర్గాల మధ్య తీసివేత ఉంటేనే కారణాంకాలు వస్తాయని, కూడిక ఉంటే ఎన్నటికీ రావని అందులో నియమంలా చెప్పి, దానికి ఉదాహరణగా చూపిన బహుపదే ఆ నియమాన్ని కాదంటున్నది.

భాస్కరాచార్యుడు అవ్యక్తాలకు, అంటే విలువ తెలియని రాశులకు, వాడిన యా, కా అక్షరాలతోనే రాస్తాను. ఆ బహుపది యా⁴ + 4కా⁴. దీనికి 4యా²కా² కలిపి, తిరిగి అంతే తీసివేస్తే విలువ మారదు. కాని కలిపిన పదంతో (యా² + 2కా²)² ఏర్పడుతుంది, తీసివేసిన పదం (2యాకా)² అవుతుంది. ఇక మిగిలింది ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసిన వర్గాల భేదమే. కారణాంకాలు (యా² + 2యాకా + 2కా²), (యా² − 2యాకా + 2కా²). యా = 3, కా = 1 అనుకొని సరిచూస్తే ఒకవైపు 81 + 4 = 85, మరొకవైపు 17 × 5. ఫ్రెంచి గణితవేత్త సోఫీ జెర్మేన్ (1776–1831) పేరు మీద ప్రసిద్ధమైన సర్వసమీకరణం ఇది. యా² + 4కా²కు వాస్తవ గుణకాలతో కారణాంకాలు లేవన్న మాట నిజమే. దాన్ని ప్రతి కూడికకూ అంటగట్టడం తప్పు.

అదే పేజీలో 6యా² + యాకా − 12కా²కు జవాబు (2యా − 3కా)(3యా + 4కా) అని ఉంది. గుణించి చూస్తే మధ్యపదం −యాకా వస్తుంది. మొదటి, చివరి గుణకాల లబ్ధం 6 × (−12) = −72; లబ్ధం −72, మొత్తం మధ్యపద గుణకమైన 1 అయ్యే సంఖ్యలు 9, −8 కనుక సరైన జవాబు (2యా + 3కా)(3యా − 4కా). రెండు అవ్యక్తాల లబ్ధానికి మన పూర్వులు భావితమని ప్రత్యేకంగా పేరు పెట్టారు. ఇలాంటి లెక్కల్లో మెలిక అంతా అక్కడే ఉంటుంది, మీ పాఠం తప్పిందీ అక్కడే. అచ్చుకు పంపేముందు ఒక్కసారి గుణించి చూసే మనిషి లేకపోయారా?

ముప్పై ఒక్క ఏళ్లు గణితం చెప్పినవాడిగా నాకు మరొక బాధ ఉంది. బడికి తనిఖీకి వచ్చిన అధికారులు ఉత్తీర్ణత శాతం అడిగారే కాని, పిల్లవాడిని నల్లబల్ల దగ్గర నిలబెట్టి మధ్యపదాన్ని అలా ఎందుకు విడగొట్టావని అడిగినవారిని నేను వేళ్లమీద లెక్కపెట్టగలను. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడమే చదువైపోయాక, వచ్చిన కారణాంకాలను గుణించి సరిచూసుకునే అలవాటు పిల్లల్లోనే కాదు, పాఠాలు రాసే పెద్దల్లోనూ పోయింది. ట్యూషన్ లేని పిల్లలకు మీ పేజీయే పంతులు.

మా పక్కింటి అబ్బాయి ఆ ముక్క కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకొని, కింద ‘విభజన సాధ్యం కాదు’ అని ఎర్రసిరాతో రాసుకున్నాడు. నేను చేసి చూపించినా, పేపర్లో అలా వేశారు కదా తాతయ్యా అంటున్నాడు. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి. రెండు లెక్కలనూ పూర్తి సోపానాలతో, అదే పేజీలో, అదే పరిమాణంలో వచ్చే సోమవారం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి