కత్తి విసరడం నేర్చుకునేవారికి

సంపాదకులు గారికి,

కత్తి విసరడాన్ని అభిరుచిగా సాధన చేయదలచిన కొత్తవారు తరచుగా వంటింటి కత్తితోనే మొదలుపెడుతుంటారు. పలుచని గట్టి ఉక్కుతో చేసిన ఆ కత్తి దెబ్బలకు తట్టుకోలేక విరిగితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేము. విసరడానికని చేసిన కత్తికి మొన మాత్రమే వాడిగా ఉండి అంచులు మొద్దుగా ఉంటాయి కనుక, సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 200 గ్రాములకు తగ్గని బరువు గల ఒకే రకం కత్తులు మూడు ఎంచుకోవడం మేలు.

మెత్తని కలప దుంగను అడ్డంగా కోసిన బిళ్ళను లక్ష్యంగా పెడితే మొన నారల మధ్యకు సులువుగా దిగుతుంది. పిడి పట్టుకుని దాదాపు 3 మీటర్ల నుంచి విసిరితే కత్తి గాలిలో ఒక పూర్తి చుట్టు తిరిగి గుచ్చుకుంటుంది. చుట్టు ఎక్కువైతే అరడుగు ముందుకు, తక్కువైతే అరడుగు వెనక్కి జరగాలే తప్ప చేతి బలం పెంచకూడదు. బలమే నైపుణ్యమన్న భ్రమ నన్ను కూడా కొన్ని నెలలు వదలలేదు. తుళ్ళిన కత్తి విసిరినవారి వైపే రాగలదు కాబట్టి కాళ్ళకు బూట్లు తప్పనిసరి, చూసేవారు బాగా వెనుక నిలబడాలి.

ఇటువంటి ప్రాథమిక విషయాలను, ముఖ్యంగా జాగ్రత్తలను, మీ క్రీడా పుటలో నిపుణులచేత వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు