‘నో సూనర్’ పరీక్షకేనా?

సంపాదకుడి గారికి,

తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం 2022-23లో మొదలైంది. అప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు 2025లో పదో తరగతి పరీక్షలు రాశారు. ఒకటి జరగ్గానే ఇంకొకటి జరిగిందని చెప్పే ‘యాజ్ సూన్ యాజ్’ వాక్యాన్ని అదే అర్థమిచ్చే ‘నో సూనర్... దాన్’గా మార్చమంటే వీళ్లలో చాలామంది టకటకా మారుస్తారు. కళ్లతో చూసిన సంగతి చెప్పమంటే మాత్రం ప్రతి వాక్యం ముందూ ‘సడెన్లీ’ వచ్చి కూర్చుంటుంది.

2024 డిసెంబర్ 4న పొద్దున 7.27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. వరంగల్‌లోనూ భూమి అదిరింది. ఆ పొద్దున ఎవరేం చేస్తున్నారో ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. ‘చాయ్ తాగుతున్న, గంతల్నే భూమి అదిరింది’ అని తెలుగులో చక్కగా చెప్పే పిల్ల, ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ‘సడెన్లీ ఎర్త్ ఈజ్ షేకింగ్’ అంటుంది. ‘ఐ వాజ్ డ్రింకింగ్ టీ వెన్ ద గ్రౌండ్ షుక్’ అంటే సరిపోయేది. ఒక పని సాగుతుండగా ఇంకొకటి అదాటున మీద పడిందని ఆ రెండు క్రియలు, మధ్యలో ‘వెన్’ చెప్పేస్తాయి. సడెన్లీ అవసరమే లేదు. ఇక ‘నో సూనర్ హాడ్ ఐ’ అంటూ భూకంపం గురించి పక్కింటివాళ్లకు చెప్పే ఇంగ్లిష్‌వాళ్లు ఉంటారనుకోను! అది రాతలో కనిపించే వాక్యం.

పరీక్షల గైడ్లు వేగాన్ని, హఠాత్తును చెప్పే మాటలన్నిటినీ ఒకే జాబితాలో కుక్కుతాయి. ‘ఇన్ నో టైమ్’ అంటే చిటికెలో పని అయిపోవడం. ‘అవుట్ ఆఫ్ ద బ్లూ’ అంటే ఎవరూ అనుకోనిది జరగడం. పిల్లలకు రెండూ ‘సడెన్‌గా’నే. తెలుగులో ‘చిటికెలో’కూ ‘ఉన్నట్టుండి’కీ తేడా తెలిసిన పిల్లలకు ఇది చెప్పడం కష్టమేమీ కాదు. ముందు తెలుగులో చెప్పించి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పిస్తే చాలు. ఇంగ్లిష్ మీడియంలో తెలుగు ఎందుకని కొన్ని బడుల్లో అదీ మాన్పించారు.

పదో తరగతి ప్రశ్నపత్రంలో వాక్యాలు మార్చే ప్రశ్నలు తగ్గించి, తమ ఊళ్లో హఠాత్తుగా జరిగిన ఒక ఘటనను పది వాక్యాల్లో రాయమనే ప్రశ్న పెట్టాలని విద్యాశాఖను కోరుతున్నాను. దిద్దడం కష్టమంటారు. నిజమే, దానికి ఒకే జవాబు ఉండదు. ఏ వాక్యానికి ఎన్ని మార్కులో నమూనా జవాబులతో ముందే చెప్పి, దిద్దే టీచర్లకు ఒక రోజు శిక్షణ ఇస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

— ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, హనుమకొండ