చేపల కంటే ముందు అమ్మోనియా

భీమవరం

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ పొద్దున్నే చెరువు గట్టు మీదకి బయల్దేరుతున్నారు. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలే అమ్మా" అంటావని ఇదంతా రాస్తున్నాను. చదివి ఫ్రిజ్ మీద అంటించుకో, కోడలు కూడా చూస్తుంది.

బుజ్జమ్మ వీడియో కాల్‌లో కొత్త అక్వేరియం చూపించి ఒకటే మురిసిపోయింది. షాపతను "ఇవాళ నీళ్లు నింపండి, రేపు చేపలు వేసుకోండి" అన్నాడన్నావు కదా, ఆ మాట వినొద్దు. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన ట్యాంకు తయారైనట్టు కాదు. చెరువు నీళ్లు పరీక్షించే మా ల్యాబ్‌లో నా టేబుల్ మీదకొచ్చే సీసాల్లో అద్దంలా మెరిసే నీళ్లలోనే ఎన్నోసార్లు అమ్మోనియా ఎక్కువ చూశాను.

సంగతేమిటంటే, చేప తిన్న మేతలోని ప్రోటీన్ చివరికి అమ్మోనియా అయి మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే. మన చెరువులో దాన్ని చాలావరకు ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని నాచు, లాగేసుకుంటుంది. నాలుగు రోజులు మబ్బు పట్టి ప్లాంక్టన్ పడిపోయిందంటే చేపల రైతులు తెల్లారకముందే నీళ్ల సీసాలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చేస్తారు. మీ హాల్లో ఉన్న గాజు ట్యాంకులో పచ్చనీరూ లేదు, అడుగున బురదా లేదు. ఆ పనంతా ఫిల్టర్‌లో బతికే బ్యాక్టీరియా చేయాలి. కొత్త ఫిల్టర్‌లో అవి ఉన్నా లేనట్టే.

వాటిలో రెండు రకాలు పని పంచుకుంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, రెండోది నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొంచెం పెరిగినా చేప తట్టుకుంటుంది, నీళ్లు మారుస్తూ ఉంటే పోతుంది. నైట్రైట్ అలా కాదు. రక్తంలోకి వెళ్లి, ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. అలాంటి చేప మొప్ప ఎత్తి చూస్తే ఎరుపు పోయి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. మా డిగ్రీ పుస్తకాల్లో ఈ రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అని ఉండేది. అక్వేరియం ఫిల్టర్లలో నిజానికి ఆ పని నైట్రోస్పైరా జాతివి చేస్తున్నాయని 1998లో తేల్చారు. 2015లో అయితే రెండు పనులూ ఒక్కటే చేసుకునే నైట్రోస్పైరా కూడా బయటపడింది. నీకిది అనవసరమే అనుకో, నాకు సరదా.

చాలామంది ఈ బ్యాక్టీరియా పెరగడానికి ముందు నాలుగు చవక చేపలు వేస్తారు. అవి వదిలిన అమ్మోనియాలో అవే ఉడికి, బతికినవి బతుకుతాయి. బుజ్జమ్మకి మొదటి వారమే తేలిన చేపను చూపించడం ఎందుకు? చేప లేకుండా అమ్మోనియా మనమే పోస్తే సరిపోతుంది.

అందుకు అమ్మోనియం క్లోరైడ్ పంపిస్తున్నాను. ల్యాబ్‌లో తూచి 19 గ్రాముల పొట్లం కట్టాను. సున్నుండల డబ్బాతో కలపకుండా వేరే సంచిలో పెట్టాను, పైన పేరు రాశాను. చూడ్డానికి అచ్చం ఉప్పులా ఉంటుంది, వంటింట్లోకి మాత్రం పోనివ్వకు, బుజ్జమ్మకి అందని చోట పెట్టు. దీన్ని అర లీటరు నీళ్లలో కరిగించు, అదే మన మందు. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి 60 లీటర్ల నీళ్లలో పోస్తే 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా, అవుతుంది. ట్యాంకు మీద రాసిన లీటర్లు నమ్మకు. రాళ్లు, ఇసుక పోయాక అంత పట్టదు. 15 లీటర్ల బకెట్‌తో లెక్కపెట్టి నింపు, నాలుగు బకెట్లు పట్టకపోతే ఆ మేరకు మందు తగ్గించు. షాపుల్లో సీసాలో దొరికే అమ్మోనియా ద్రవం ఘాటుగా ఉంటుంది, కొన్నింట్లో సబ్బు, సువాసన కలుపుతారు, అది వద్దు. ఊపితే నురగ వచ్చి నిలిచిందంటే సబ్బు ఉన్నట్టే. ఏ రకమైనా సరే, బాత్రూం కడిగే బ్లీచ్ దగ్గరికి రానివ్వకు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఎక్కువ పోస్తే తొందరగా అవుతుందనుకోకు. 5 పీపీఎం దాటితే ఆ బ్యాక్టీరియాకే ఇబ్బంది. నువ్వు చిన్నప్పుడు మొక్కకి యూరియా గుప్పెడు వేసి చంపిన రకానివి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక నీళ్లు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే కదా, గట్టి నీళ్లయినా ఫర్వాలేదు, వాటినే వాడు. ఆర్‌వో నీళ్లు మాత్రం పోయకు. ఈ బ్యాక్టీరియా పనిచేస్తూ నీళ్లలోని ఆల్కలినిటీని, అంటే ఆమ్లం పెరగకుండా ఆపే గుణాన్ని, తినేస్తాయి. ఆర్‌వో నీళ్లలో అది ఉండదు కాబట్టి పీహెచ్ (ఆమ్లం కొలత, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 6 దగ్గరికి జారిపోయి పని ఆగిపోతుంది. జారిందని తేలితే చిటికెడు వంట సోడా వేస్తే లేస్తుంది. మున్సిపల్ నీళ్లు కలిపితే క్లోరిన్ పోగొట్టే మందు వేసి తీరాలి. హేచరీల్లో వాడే సోడియం థయోసల్ఫేట్ అదే పని చేస్తుంది, షాపులో చిన్న సీసాల్లో అమ్ముతారు. బోరు నీళ్లతో ఒక చిక్కు ఉంది, పీహెచ్ ఎక్కువగా ఉండొచ్చు. అమ్మోనియాలో చేపకి విషమయ్యే భాగం పీహెచ్‌ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది నూటికి అర పాలు, 8 అయితే ఐదు పాలు దాటుతుంది. అంటే దాదాపు పది రెట్లు. అందుకే మీ నీళ్లలో "కొంచెమే ఉందిలే" అనుకోవడానికి లేదు.

హీటరు 27 డిగ్రీల దగ్గర పెట్టు. హైదరాబాద్‌లో చలి మొదలైందిగా, చల్లటి నీళ్లలో బ్యాక్టీరియా బద్ధకిస్తాయి. లైటు అక్కర్లేదు, వేస్తే నాచు పడుతుంది. గాలి బుడగలు మాత్రం రాత్రీ పగలూ ఆడాలి, వీటికి ఆక్సిజన్ చాలా కావాలి. కరెంటు పోయినప్పుడు ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలున్నవి ఊపిరాడక చస్తాయి. ఇన్వర్టర్‌కి కలిపావో లేదో చూసుకో.

మీ ఆఫీసులో ఎవరికో పాత అక్వేరియం ఉందన్నావు. చేపలు ఆరోగ్యంగా ఉన్నాయని తెలిస్తే, ఆయన ఫిల్టర్‌లోని స్పాంజ్ ముక్క ఒకటి అడిగి, తడి ఆరకుండా తెచ్చి నీ ఫిల్టర్‌లో పెట్టు. పాలకి తోడు పెట్టినట్టు అది పని తొందరగా మొదలుపెడుతుంది. ఆయన ట్యాంకులో నీళ్లు తెచ్చుకోవడం వల్ల లాభం లేదు, ఇవి నీళ్లలో కన్నా స్పాంజ్‌కీ రాళ్లకీ అంటుకుని ఉంటాయి. నాన్నగారు చెరువుకి చల్లే ప్రొబయోటిక్ ప్యాకెట్ ఒకటి పంపమంటావా అని అడిగారు. వద్దన్నాను. వాటిలో ఎక్కువగా బాసిల్లస్ అనే వేరే బ్యాక్టీరియా ఉంటుంది, అడుగున చెత్తను తింటుంది, అమ్మోనియాను నైట్రైట్ చేయడం దాని పని కాదు. చెరువు నీళ్ల మాట ఎత్తితే ఆయన్ని గదిమాను, వాటితో పాటు రోగాలు కూడా వస్తాయి.

టెస్ట్ కిట్ చుక్కలు వేసేది కొను, కాగితం పట్టీలు కాదు. రెండు రోజులకోసారి చూస్తే చాలు. మొదట్లో ఏ మార్పూ కనపడదు, టెన్షన్ పడి మళ్లీ మందు పోయకు. ఒక వారమో, రెండు వారాలో గడిచాక అమ్మోనియా దిగడం మొదలవుతుంది, నైట్రైట్ చూసే పరీక్ష గొట్టం ఊదా రంగుకి తిరుగుతుంది. అమ్మోనియా సున్నాకి దగ్గరయ్యాక మళ్లీ మందు పొయ్యి, కానీ ఈసారి నుంచి సగమే, 5 మిల్లీలీటర్లు. ఎందుకంటే 2 పీపీఎం అమ్మోనియా మొత్తం నైట్రైట్‌గా మారితే 5 పీపీఎం దాటుతుంది. చాలా కిట్లలో రంగుల కార్డు అక్కడితో అయిపోతుంది, ఆపైన ఎంతుందో నీకు తెలియదు. అందరికీ విసుగు పుట్టేది ఈ దశలోనే. ఊదా రంగు రోజుల తరబడి కదలదు. రెండో రకం బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతాయి మరి. మరీ కదలకపోతే సగం నీళ్లు మార్చు. నీళ్లు మారిస్తే చేసిందంతా పోతుందని భయపడకు. స్పాంజ్‌ని మటుకు పంపు కింద కడగకు.

మొత్తం మీద మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, స్పాంజ్ దొరికితే ఇంకా తక్కువ. సంక్రాంతికి మీరెలాగూ ఇక్కడికి వస్తున్నారు. ట్యాంకులో చేపల్లేవు కాబట్టి మేత వేసేదెవరని బెంగ లేదు, బయల్దేరే ముందు మామూలు మోతాదు పోసి, ఫిల్టర్ ఆన్‌లో వదిలేసి రండి. పండగ రోజుల్లో మందు పడకపోయినా బ్యాక్టీరియాకి ఏమీ కాదు. తిరిగి వెళ్లాక పరీక్ష పెట్టు. పూర్తి 10 మిల్లీలీటర్లు పోసి, సరిగ్గా 24 గంటలకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. ఒకటి సున్నా అయి ఇంకోటి కాకపోతే అయినట్టు కాదు. రెండూ సున్నా అయ్యాక నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది, ముప్పావు వంతు నీళ్లు తీసేసి కొత్తవి పోసి, అది 20 పీపీఎం లోపు ఉందో లేదో చూడు. ఆ మర్నాడు చేపలు తెచ్చుకోవచ్చు. చేపలు తేవడం ఆలస్యమైతే ఒకటి రెండు రోజులకోసారి కొంచెం మందు పోస్తూ ఉండు, బ్యాక్టీరియాని మరీ ఎక్కువ రోజులు ఆకలితో పెట్టకు.

బుజ్జమ్మ గోల్డ్ ఫిష్ అడుగుతోందట. వద్దని చెప్పు. ఎదిగితే ఆ ట్యాంకు చాలదు, పైగా మామూలు చిన్న చేపల కన్నా ఎక్కువ మురికి చేస్తుంది. మీ గట్టి నీళ్లకి గప్పీలు హాయిగా ఉంటాయి, రంగులు కూడా బోలెడు. మగవే కొను. ఆడవి ఒక్కటి కలిసినా నెలకోసారి పిల్లల్ని పెట్టి, మళ్లీ నాకే ఫోన్ చేస్తావు. మొదట ఆరు చేపలే వెయ్యి, మేత రోజుకి చిటికెడు, రెండు నిమిషాల్లో తినేసేంత. బుజ్జమ్మ చేతికి డబ్బా ఇవ్వకు, మూత తీసి నువ్వే వేయించు.

టెస్ట్ చేసినప్పుడల్లా ఫోటో పంపు. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తియ్యి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసినవి పంపితే పసుపో ఆకుపచ్చో నేనూ చెప్పలేను.

ఇట్లు,
అమ్మ