ఆ పెట్టె ఇచ్చేయకు చిన్నా

డబ్లిన్,
జనవరి 3

చిన్నా,

ఆదివారం ఫోన్‌లో అమ్మ, "భోగికి ముందు అటక దులిపిస్తున్నా, నాన్న పాత కంప్యూటర్ ఇనప సామాన్లాయనకి ఇచ్చేస్తా" అంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకే ఈ ఉత్తరం. అమ్మకి ముందు ఈ ఒక్క మాట చదివి వినిపించు: కంప్యూటర్ పెట్టె ఇప్పుడే ఇవ్వొద్దు, లోపలున్న హార్డ్ డిస్క్ అయితే ఎప్పటికీ ఎవరికీ ఇవ్వొద్దు.

చిక్కడపల్లి కంపోజింగ్ షాపులో నాన్న ఎనిమిదేళ్లు టైప్ చేసిందంతా ఆ డిస్క్‌లోనే ఉంది. నువ్వప్పుడు చిన్నవాడివి, నీకు శుభలేఖలే గుర్తుండి ఉంటాయి. రాత్రి ట్రేసింగ్ కాగితం మీద ప్రింట్ తీసి, పొద్దున్నే స్కూటర్ మీద ఛత్తా బజార్ ప్రెస్‌కి తీసుకెళ్లేవాడు. కానీ త్యాగరాయ గానసభలో పుస్తకం ఆవిష్కరించుకోవాలని పెన్షన్ డబ్బులు దాచుకుని వచ్చే పెద్దమనుషులు ఎంతమందో. వాళ్ల కవితలు నాన్నే కంపోజ్ చేసేవాడు. అచ్చు వేయించేది మూడొందల కాపీలో, అయిదొందలో. వాళ్ల ఇళ్లలోనైనా ఒక కాపీ మిగిలిందో లేదో. అందుకే ఆ డిస్క్ మన ఒక్కళ్లదే అనుకోలేకపోతున్నాను.

పని ఎలా చెయ్యాలో చెప్తాను. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ కంప్యూటర్ ఆన్ చెయ్యకు. షాపు మూసినప్పటినుంచి ఆ డిస్క్ తిరగలేదు. స్లాబు కింద అటక మీద ఎన్ని మే నెలల వేడి తిన్నదో. ఇన్నేళ్లు ఆగిన డిస్క్ తిరగడం మొదలుపెట్టినప్పుడే మొండికెయ్యొచ్చు. ఒకవేళ అది ఒక్కసారే తిరిగేటట్టుంటే, ఆ ఒక్కసారీ కాపీకే పనికిరావాలి గానీ విండోస్ ఎక్కడానికి కాదు.

పక్క రేకు విప్పితే వెడల్పాటి బల్లపరుపు కేబుల్ కనపడుతుంది. దాన్ని, పక్కనున్న నాలుగు పిన్నుల పవర్ వైరునీ మెల్లగా లాగి, స్క్రూలు విప్పి డిస్క్ బయటికి తియ్యి. అది పాత ఐడీఈ రకం, ఇప్పటి సాటా కేబుల్ దానికి పట్టదు. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి కన్వర్టర్ కావాలని అడుగు. 12 వోల్టుల అడాప్టర్ కూడా ఉన్నదే తీసుకో. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే, దాంతో ఈ డిస్క్ తిరగదు. డిస్క్‌ని షాపువాళ్ల చేతికి మాత్రం ఇవ్వకు. నేను చదువుకునే రోజుల్లో ఒక షాపులో ఇలాగే ఇస్తే ఫార్మాట్ చేసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇంటికొచ్చాక డిస్క్‌ని టేబుల్ మీద బల్లపరుపుగా పెట్టు. తిరుగుతున్నంతసేపూ కదపొద్దు, లోపల డేటా చదివే రీడింగ్ హెడ్ తిరిగే పళ్లేనికి వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది. లాప్‌టాప్‌కి పెట్టగానే విండోస్ "ఫార్మాట్ చెయ్యమంటారా" అని అడిగినా, "స్కాన్ చేసి సరిచెయ్యమంటారా" అని అడిగినా వద్దను. రిపేరు పేరుతో అది పాత డిస్క్ మీదే రాస్తుంది. మనం దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు, చదివి తెచ్చుకోవడమే. టిక్, టిక్ అని ఒకే వరసన కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసేసి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెప్తే వినకు. డిస్క్ మూత అసలు విప్పకు.

కట్ చేసి పేస్ట్ చెయ్యొద్దు, కాపీయే. నేను చేసిన తప్పు అదే. బాబు మొదటి ఏడాది ఫొటోలు కొత్త డిస్క్‌లోకి కట్ చేసి పెట్టి, సేఫ్‌గా తీసే ఆప్షన్ నొక్కకుండా కేబుల్ పీకేశాను. మర్నాడు చూస్తే పేర్లన్నీ ఉన్నాయి, ఫొటోలు మాత్రం తెరుచుకోలేదు. పాతచోట ఏమీ మిగల్లేదు. నాకిప్పుడు వాడి బోసినవ్వు అమ్మ వాట్సాప్‌లో దాచుకున్న ఆ నాలుగు ఫొటోల్లోనే ఉంది.

కాపీ మౌస్‌తో కాకుండా విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్‌తో చెయ్యి. ఒక ఫైలు చదవలేకపోతే మౌస్ కాపీ అక్కడే ఆగి నిన్ను అడుగుతుంది. రోబోకాపీ ఆ ఫైలు వదిలి ముందుకెళ్తుంది, ఏవి రాలేదో లాగ్‌లో రాసి పెడుతుంది. ఒక్కటి గుర్తుంచుకో: ఎన్నిసార్లు ప్రయత్నించాలో మనం చెప్పకపోతే ఒక్కో చెడ్డ ఫైలు కోసం అది 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి. నీరసించిన డిస్క్ దానికే ప్రాణం విడుస్తుంది. ఒక్కసారి చాలని చెప్పే కమాండ్ వాట్సాప్‌లో పంపాను, అక్షరం మార్చకుండా పేస్ట్ చెయ్యి. ముందు నాన్న పేరున్న ఫోల్డర్, తర్వాత ఫాంట్లు, ఆ తర్వాత మిగతాది. 40 జీబీ డిస్క్ 37 అని చూపిస్తుంది, కంగారు పడకు. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.

ఫాంట్ల సంగతి మర్చిపోతే ఈ కష్టమంతా దండగ. నాన్న టైప్ చేసింది ఇప్పుడు ఫోన్‌లో మనం కొట్టే యూనికోడ్ తెలుగు కాదు. అను ఫాంట్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లిషు గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ లేకుండా ఫైలు తెరిస్తే చుక్కలు, గీతలు పెట్టిన ఇంగ్లిషు అక్షరాల చెత్త కనపడుతుంది. చూసినవాళ్లు ఫైలు పాడైందనుకుని డిలీట్ చేస్తారు. అందుకే పాత డిస్క్‌లో విండోస్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చెయ్యి. పైగా అవన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ వరకే వాటిని తెరిచేది, తర్వాత వచ్చిన వెర్షన్లు తెరవవు. అందుకే ఆ పాత పెట్టె కూడా కావాలి.

కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిపోయాయో చూడు. సరిపోతే ఇంకో డిస్క్‌లోకి రెండో కాపీ తీసి మామయ్య వాళ్లింట్లో పెట్టు. 2020 అక్టోబర్ వానకి మన కింది వాటాలోకి నీళ్లెలా వచ్చాయో నీకు చెప్పక్కర్లేదు.

రెండు కాపీలూ చేతిలో ఉన్నప్పుడు పాత డిస్క్ మళ్లీ కంప్యూటర్లో బిగించి, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఆన్ చెయ్యి. తేదీ ఎప్పటిదో చూపిస్తుంది, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సీఆర్2032 అంటే ఏ షాపులోనైనా ఇస్తారు. పేజ్‌మేకర్‌లో ఒక్కో ఫైలు తెరిచి పీడీఎఫ్ చెయ్యండి. మూసేటప్పుడు సేవ్ చెయ్యాలా అంటే వద్దను, నాన్న ఏ రోజున దాన్ని ముగించాడో ఆ తేదీ పోకూడదు. పేర్లన్నీ ఏ1, ఏ2, కొత్తది, కొత్తది2 అని ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పగలిగేది నాన్న ఒక్కడే, ఆయన చెప్తుంటే నువ్వు నోట్‌బుక్‌లో రాసుకో. ఆయనకి కళ్లు లాగుతాయి, రోజుకి గంట చాలు.

ఆ ఫైళ్లలో ఒకటి నాకోసం వెతుకు. 2004 ఎండాకాలం సెలవుల్లో నాయనమ్మ షాపులో ఫ్యాను కింద పీట వేసుకుని కూర్చుని, అప్పగింతల పాటలు, హారతి పాటలు పాడితే నాన్న టైప్ చేశాడు. మధ్యలో గిరాకీ వస్తే ఆవిడ ఆగి, వాళ్లు వెళ్లాక పాట మళ్లీ మొదటినుంచీ ఎత్తుకునేది, ఆగినచోటునుంచి పాడటం ఆవిడకి రాదు. 40 పేజీలు అయ్యాయి, అచ్చుకి వెళ్లలేదు. అది కనపడితే పీడీఎఫ్ తర్వాత పంపుదువుగాని, ముందు నాన్నని ఒక పాట చదవమని ఫోన్‌లో రికార్డు చేసి పంపు. వరస గుర్తులేకపోతే అమ్మ అందుకుంటుంది.

అమ్మానాన్నలకి నమస్కారాలు. బాబు నిన్ను అడుగుతున్నాడు.

మీ అక్క