పవర్‌లైన్ అడాప్టర్లు ఇకపై కౌంటర్ మీద అమ్మం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా షాపులో ఒక మార్పు. ఇంట్లో కరెంటు వైర్ల మీదుగానే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లను డబ్బులు కట్టి పట్టుకెళ్ళడానికి ఇక ఇవ్వం. మేమే మీ ఇంటికి తెచ్చి, ప్లగ్గులో పెట్టి, మీ ఫోన్లోనే స్పీడు చూపిస్తాం. నచ్చితే బిల్లు వేస్తాం. నచ్చకపోతే వచ్చినందుకు 300 రూపాయలు తీసుకుని మా పెట్టె మేం తెచ్చుకుంటాం. కొంటే ఆ 300 బిల్లులో తగ్గిపోతాయి.

ఈ వస్తువు చెడ్డదని కాదు. కింద హాల్లో రౌటర్ ఉంటుంది, పైన పిల్లల గది ఉంటుంది, మధ్యలో ఇనుప ఊచల స్లాబు. వైఫై పైకి వెళ్ళేసరికి నీరసపడిపోతుంది. అప్పుడు రౌటర్ పక్కన ఒక అడాప్టరు, పై గదిలో ఇంకొకటి ప్లగ్గులో పెడితే చాలు. మన వైర్లలో నడిచేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు. అడాప్టరు అదే వైరు మీద 2 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే సిగ్నల్ పంపుతుంది. కొత్త రకాలైతే 86 దాకా వాడుకుంటాయి. రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. గోడకి చిల్లు పెట్టక్కర్లేదు కాబట్టి అద్దె ఇళ్ళవాళ్ళు ఎక్కువగా అడుగుతుంటారు.

చిక్కల్లా ఏమిటంటే, ఎంత బాగా పనిచేస్తుందన్నది పెట్టె కన్నా మీ గోడల్లో ఉన్న వైరింగు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అది షాపులో కూర్చుని నేను చెప్పలేను.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇన్వర్టరు. కరెంటు పోయినా నెట్ ఆగకూడదని రౌటర్‌ని దాదాపు అందరూ ఇన్వర్టర్ లైన్లోనే పెట్టుకుంటారు. పై గదిలో ఖాళీగా కనిపించే ప్లగ్గేమో ఏసీ కోసం వేసిన మెయిన్ లైన్లో ఉంటుంది. అంటే ఒక అడాప్టరు ఇన్వర్టరుకి ఇవతల, ఇంకొకటి అవతల. సిగ్నల్ ఇన్వర్టరు దాటుకుని వెళ్ళాలి, అక్కడే సగం చచ్చిపోతుంది. పైగా కరెంటు పోగానే పైన ఉన్న అడాప్టరు ఆగిపోతుంది, ఆఫీసు కాల్ తెగిపోతుంది. రెండూ ఇన్వర్టర్ లైన్లోనే ఉంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. అది మెయిన్ లైన్ కరెంటులాగే నున్నటి కరెంటు ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరైతే ఇంకా నయం. స్క్వేర్ వేవ్‌ది అయితే బ్యాటరీ మీద నడిచినంతసేపూ వైర్లలో రొద ఎక్కువగా ఉంటుంది.

తర్వాతది త్రీ ఫేజ్, అంటే ఇంటికి మూడు వేర్వేరు కరెంటు లైన్లు రావడం. కింది అంతస్తు ఒక ఫేజు మీద, పై అంతస్తు ఇంకో ఫేజు మీద ఉన్న ఇళ్ళు మన కాకినాడలో బోలెడు. ఒక్కోసారి సిగ్నల్ పక్క వైరులోకి దూకి పనైపోతుంది, ఒక్కోసారి అస్సలు అందదు. పై వాటాకి వేరే మీటరు ఉంటే మాత్రం మేమే వద్దంటాం. ట్రయల్‌కి కూడా రాం, మీకు 300 దండగ.

ఇంకా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. స్పైక్ బస్టరులో పెడితే అందులోని ఫిల్టరు ఈ సిగ్నల్‌ని కూడా చెత్త కిందే లెక్కేసి ఆపేస్తుంది, కాబట్టి నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. మిక్సీ వేయగానే స్పీడు పడిపోయే ఇళ్ళున్నాయి. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లూ అంతే. సముద్రం గాలికి సాకెట్లలో చిలుము పట్టడం మన ఊళ్ళో మామూలే, ఆ లూజు కాంటాక్టు కూడా దెబ్బ కొడుతుంది. ఖరీదైన మోడళ్ళు ఎర్త్ వైరుని కూడా వాడుకుని స్పీడు పెంచుతాయి. మూడో పిన్ను ఉన్నా దాని వెనక వైరే లేని ఇళ్ళలో ఆ అదనపు డబ్బు వృథా.

అట్టపెట్టె మీద నంబర్ల సంగతి కూడా చెప్పేస్తాను. 1000 అని ఉంటే మీకు వెయ్యి ఎంబీపీఎస్ స్పీడు రాదు. అది వైరు మీద రానూ పోనూ కలిపి చెప్పే లెక్క. మన పాత వైరింగులో అందులో వందో నూటయాభయ్యో చేతికొస్తే నేను బాగానే ఉందంటాను. 600 అని రాసిన చాలా మోడళ్ళలో లాన్ కేబుల్ గుచ్చే పోర్టే 100ది, ఇక అంతకు మించి ఎక్కడినుంచి వస్తుంది?

అపార్ట్‌మెంట్లవాళ్ళకి ఒక మాట. కొత్త అడాప్టర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి ఒకే నెట్‌వర్క్ పేరుతో వస్తాయి. పెయిర్ బటన్ నొక్కి మీ జతకి సొంత తాళం వేయకపోతే, వైర్లు కలిసిన పక్క ఫ్లాటువాళ్ళ అడాప్టరు మీ నెట్‌లోకి వచ్చే వీలుంది. మా దగ్గర ఇంతకుముందు కొని ఆ బటన్ నొక్కనివాళ్ళు ఫోన్ చేయండి, ఎలాగో చెప్తాం. దానికి డబ్బులేమీ వద్దు.

ఇందులో మా స్వార్థమూ ఉంది. ఒకసారి సీలు తీసిన పెట్టెని డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకోడు. మీరు వాపసు తెచ్చినదల్లా మా అల్మారాలోనే పడి ఉంటుంది. ఇంట్లో అక్కడక్కడా పెట్టి వైఫైని అందించే పెట్టెల మెష్ సెట్టు అమ్మితే మాకు మిగిలేది ఎక్కువ, ఆ మాటా దాచను. అయినా గోడలో కరెంటు వైర్లు లేని పైపు ఉంటే నా మొదటి ఓటు లాన్ కేబుల్‌కే. క్యాట్ 6, అసలు రాగిది, అల్యూమినియం మీద రాగి పూతది కాదు. 100 మీటర్ల లోపు ఏ ఇంట్లోనైనా దానికి సాటి లేదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దాన్ని దూర్చం, మీరెంత బతిమాలినా సరే. ఇల్లు కడుతున్నవాళ్ళు స్లాబు పోయకముందే గదికో ఖాళీ పైపు వేయించుకోండి, అడాప్టర్ల కోసం మా దగ్గరికి రానే అక్కర్లేదు.

ట్రయల్‌కి సాయంత్రాలు వస్తాం. ఆ టైముకి మెయిన్ స్విచ్చులుండే డీబీ బాక్సు ఎక్కడుందో, ఏ ప్లగ్గు ఇన్వర్టరుదో తెలిసినవాళ్ళు ఒకరు ఇంట్లో ఉంటే చాలు. ఏసీ, మిక్సీ కూడా వేసి చూస్తాం, ఏమీ అనుకోకండి. ఆ రోజు లైన్ రిపేరుకని కరెంటు తీసేస్తున్నారని తెలిస్తే ముందే ఒక ఫోన్ కొట్టండి.