పొగకు కారణం బండి వయసొక్కటే కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో పాత డీజిల్ పికప్పుల పొగ మీద వార్త వచ్చింది. చదివిన రోజే రాద్దామనుకున్నాను. టమాటా లోడ్లు వరసగా ఉండి కూర్చునే తీరిక దొరకలేదు. ఆలస్యమైనా రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఆ వార్తలో తప్పంతా బండి వయసు మీద, బండి యజమాని మీద వేసి చేతులు దులుపుకున్నారు.

మీరు వేసిన ఫొటో గువ్వలచెరువు ఘాట్‌లోది. ఆ మలుపు నాకు బాగా తెలుసు. వారంలో నాలుగు రోజులు రాయచోటి నుంచి కడపకు కూరగాయలు దింపి, తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలతో అదే ఘాట్ ఎక్కుతాను. నాది 2009 మోడల్ డీజిల్ పికప్. దాని మీదే మా ఇంట్లో ఐదుగురం బతుకుతున్నాం. తుక్కుకు పంపేయమని రాయడం తేలిక. కొత్త బండి కిస్తీ ఎవరు కడతారు?

పొగ అనేది జ్వరం లాంటిది. జ్వరం వచ్చిందని మనిషిని పారేయం కదా, ఎందుకొచ్చిందో చూస్తాం. నల్ల పొగ వస్తే డీజిల్ పూర్తిగా కాలడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి చాలకపోవచ్చు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పొగమంచులా చిమ్మాల్సింది పోయి బొట్లు బొట్లుగా కారుతూ ఉండవచ్చు, బండి లాగుడు చాలడం లేదని ఎవరో పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచి ఉండవచ్చు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగినట్టు. తెల్లవారుజామున చలికి తెల్ల పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే చల్లటి ఇంజిన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు చూడాలి. ఇంజిన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతూ ఉంటే ఇంజిన్ పైభాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానం. ఇన్ని రకాలుండగా మీ విలేకరి అన్నింటినీ కలిపి "పాత బండి పొగ" అని ఒక్క మాటలో తేల్చేశారు.

నాకు జరిగింది చెబుతాను. పోయిన కార్తీకంలో వానలు పట్టినప్పుడు బండి ఘాట్‌లో లాగడం మానేసింది. చదును రోడ్డు మీద ఏ తేడా లేదు. లోడుతో రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఊపిరాడనట్టు గుక్కపట్టేది. ఒక రాత్రి అక్కడే ఆగిపోయింది. వెనక లారీలు, వాన, బస్తాల మీద చిరిగిన టార్పాలిన్. రాయి పెట్టి, ఇండికేటర్లు వేసి, తెల్లారేదాకా ఆ టెన్షన్‌తోనే కూర్చున్నాను.

మొదట చూపించిన షెడ్డులో బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విన్నారు. "కంప్రెషన్ పోయింది, ఇంజిన్ దించాలి, అరవై వేలు అవుతుంది" అన్నారు. అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే బలం పోయిందట. ఒక్క నట్టు విప్పలేదు, ఒక్క పైపు పట్టుకోలేదు. అరవై వేలంటే నాకు మూడు నెలల కష్టం.

ఇంకో షెడ్డులో పెద్దాయన ఒకరున్నారు, మేమంతా భాయ్ అంటాం. ఆయన ముందు సైలెన్సర్ దగ్గర నిలబడి నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. "సెల్ఫ్ తిరుగుతూ పొగ అసలు రాకపోతే డీజిల్ అందడం లేదు నాయనా. తెల్లగా వస్తూ స్టార్ట్ కాకపోతే అందుతోంది గానీ కాలడం లేదు" అని చెప్పారు. నా బండి స్టార్ట్ అయింది గానీ ఒక సిలిండర్ మిస్ కొడుతోంది. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ అడ్డం పెట్టి నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి మళ్లీ బిగించారు. మూడింటికి ఇంజిన్ చప్పుడు మారింది. నాలుగో దానికి మారలేదు. పని చేయని సిలిండర్‌కు డీజిల్ ఆపినా తేడా ఉండదు కదా, తప్పు అక్కడేనని తేలిపోయింది. (కామన్ రైల్ బండ్లకు, అంటే నాజిళ్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే బండ్లకు, ఈ పని ఎవరూ చేయకండి. ఆ పైపులో ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోతుంది.)

తర్వాత డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి, వచ్చిందంతా ఒక గాజు సీసాలో పట్టి కిటికీలో పెట్టారు. పొద్దున వెళ్లి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, పైన డీజిల్, మధ్యలో నల్లటి జిగురు పొర. నీళ్లు డీజిల్ కన్నా బరువు, అందుకే అడుక్కి చేరతాయి. ఆ జిగురే ఫిల్టర్‌ను మూసేసింది. ఆ నీళ్లే నాజిల్ సూదిని తినేశాయి. సూదికీ, పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజర్‌కూ డీజిలే జిడ్డు, దాని బదులు నీళ్లు తగిలితే తుప్పు, అరుగుదల. అరిగిన నాజిల్ కారుతుంది, కారితే నల్ల పొగ. అయ్యా, మీ ఫొటోలోని పొగ ఇలా కూడా పుడుతుంది. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, నాజిళ్లు నాలుగూ పంపు షాపులో సెట్ చేయిస్తే తొమ్మిది వేలలోపే అయింది. ఇంజిన్ దించనేలేదు. ఇప్పుడు బండి మూడో గేరులో ఘాట్ ఎక్కుతోంది.

మరి ఆ నీళ్లు ఎక్కడివి? ట్యాంకులో తేమ చేరి కొంత రావచ్చు, ఒప్పుకుంటాను. రెండు వేళ్ల మందం అలా రాదు. ఆ వారమంతా నేను ఒకే బంకులో పోయించాను. బంకు పేరు రాయను, నా దగ్గర ఉన్నది ఒక సీసా మాత్రమే. కానీ ఆ నెలలో భాయ్ షెడ్డుకు నా బండి వెనకాలే ఇంకో రెండు పికప్పులు ఇదే రోగంతో వచ్చాయి. వాన పడితే భూమిలోని ట్యాంకుల్లోకి నీళ్లు చేరాయా లేదా అని ట్యాంకులో లోతు కొలిచే డిప్ రాడ్‌కు పేస్టు రాసి చూడాలి, నీళ్లుంటే పేస్టు రంగు మారుతుంది. ఐదు నిమిషాల పని. నేను అడిగితే అక్కడి కుర్రాడు మేనేజర్ లేడన్నాడు. మేనేజర్ వచ్చాక, ఇష్టం లేకపోతే వేరే బంకుకు పొమ్మన్నాడు.

మనకు అడిగే హక్కు ఉంది. హైడ్రోమీటర్, థర్మామీటర్, జాడీ బంకులో ఉండాలి, అడిగితే డీజిల్ డెన్సిటీ, అంటే సాంద్రత, కొలిచి చూపించాలి. 15 డిగ్రీలకు లెక్కగట్టిన ఆ అంకె, ట్యాంకర్ చలానాలో ఉన్నదానికి ఘనపు మీటరుకు 3 కిలోల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. కొలత మీద అనుమానం వస్తే ముద్ర వేసిన ఐదు లీటర్ల పాత్రలో పట్టి చూపించాలి. ఇవన్నీ రాసిపెట్టి ఉన్నా అడిగిన డ్రైవర్‌ను దొంగను చూసినట్టు చూస్తారు. పౌరసరఫరాల వాళ్లు గానీ తూనికలు కొలతల వాళ్లు గానీ వానాకాలంలో బంకులో దిగి పేస్టు రాసి చూడటం ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి. నాలాంటి పాత డీజిల్ బండికి పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) దాటకూడదు, తర్వాత వచ్చిన బీఎస్-4 కాలుష్య ప్రమాణం బండికి 50. ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, అలా కొన్నిసార్లు చేసి కొలవాలి. ఆరు నెలలకోసారి నేను క్రమం తప్పకుండా డబ్బు కడుతున్నాను. బండి ఘాట్‌లో ఆగడానికి ముందు రోడ్డు పక్క వ్యానులో గొట్టం బయటికి తీయనే లేదు. నంబర్ ప్లేటుకు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టారు. ఆ రోజు సరిగ్గా కొలిచి "నీ బండి ఫెయిల్, నాజిల్ చూపించుకో" అని ఉంటే నేను ఆ రాత్రి ఘాట్‌లో వానలో కూర్చునేవాణ్ని కాదు. కొలవాల్సిన చోట కొలవకుండా, దారిలో ఆపి పొగ వస్తోందని ఫైన్ రాస్తే గోరుచుట్టు మీద రోకటి పోటు కాదా? ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ కూడా ఉంది. అక్కడైనా ఒక్కరు ఫిల్టర్ కింద స్క్రూ విప్పి చూశారా?

చూసే అలవాటే పోతోంది. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ అని ఏడాది కోర్సు ఉంది. మా పక్కింటి అబ్బాయి అది పాసై ఇప్పుడు బట్టల దుకాణంలో పని చేస్తున్నాడు. షెడ్డుల్లో పిల్లలు పార్టు మార్చడం నేర్చుకుంటున్నారు గానీ రోగం కనిపెట్టడం ఎవరూ నేర్పడం లేదు. పొద్దున స్టార్ట్ కాని బండికి బ్యాటరీ అమ్ముతారు. చాలాసార్లు తప్పు ట్యాంకు నుంచి వచ్చే గట్టిపడిన రబ్బరు పైపుది. అది గాలి పీల్చుకుంటుంది గానీ బయటికి డీజిల్ కారదు, అందుకే కంటికి కనబడదు. అక్కడ జానెడు పారదర్శకమైన పైపు వేస్తే గాలి బుడగలు కనబడతాయి. భాయ్‌కు అరవై ఎనిమిదేళ్లు. ఆయన తర్వాత మా ఊళ్లో ఈ పైపు వేసి చూసేవాళ్లు ఎవరో నాకు తెలియదు.

మీ పత్రికను నేను కోరేది ఇదీ. ఈ వానాకాలంలో మీ విలేకరిని ఒక గాజు సీసాతో జిల్లాలోని ఐదు బంకులకు పంపండి. ఒక్కో చోట లీటరు కొనమనండి, రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున ఫొటో తీయమనండి. ఘాట్‌లో పొగ ఫొటో వేసినంత పెద్దగా దాన్నీ వేయండి. నా సీసా మూత బిగించి దాచే ఉంచాను, ఏ అధికారి అడిగినా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని, డ్రైవర్
రాయచోటి